‘నా సారము వేసవికాలమున ఎండినట్టాయెను’: ఇక్కడ ఎండినది ఏమిటి?

ప్రశ్న:

మా సంఘంలో శ్రమకాల (ఈస్టరుకు ముందు నలభై రోజుల) ధ్యానాల కోసం నలభై పేజీల పుస్తకం ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. ప్రార్థన రుచించకపోవడం, వాక్యం చదువుతున్నా అక్షరాలు తప్ప ఏమీ కనబడకపోవడం, ఆరాధనలో అందరితో పాటు పాడుతూనే మనసు ఇంకెక్కడో ఉండటం, వీటి గురించిన పుస్తకం అది. ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘స్పిరిచువల్ డ్రైనెస్’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నేను ‘ఆత్మీయ పొడిదనం’ అని రాసి మా అత్తగారికి చదివి వినిపించాను. “చలికాలంలో కాళ్లకు రాసుకునే మందు గురించా?” అని అడిగారు. ‘ఎండుదనం’ అంటే నాకే ఎండుచేపలు గుర్తుకొస్తున్నాయి.

వెతుకుతుంటే బైబిల్లో 32వ కీర్తన 4వ వచనం దగ్గర ఆగిపోయాను: “నా సారము వేసవికాలమున ఎండినట్టాయెను.” ఎంత మంచి తెలుగు! ఈ సారము అంటే ఏమిటి? ఇందులోంచి నాకు పనికొచ్చే మాట ఏదైనా తీయవచ్చా?

ఒక సభ్యుడు:

‘ఆత్మీయ శుష్కత’ అనండి. గౌరవంగా ఉంటుంది, నిఘంటువులోనూ దొరుకుతుంది.

మరొకరు:

నిఘంటువులో దొరుకుతుంది కానీ నోట్లో దొరకదండీ. ‘శుష్కప్రియాలు, శూన్యహస్తాలు’ అన్న చోట తప్ప మామూలు మనిషి ఆ మాట ఎక్కడ వాడతాడు? అక్కడ దాని అర్థం వట్టి మాటలని. ప్రార్థన చేయలేక బాధపడుతున్న మనిషిని పట్టుకుని నీవి వట్టి మాటలన్నట్టు అవుతుంది.

రిటైరైన తెలుగు మాస్టారు:

అమ్మా, ముందు సారము సంగతి చూద్దాం. ఆ చోట హీబ్రూలో ఉన్న మాట ‘లషద్’. పాత నిబంధన మొత్తంలో అది రెండే చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఈ కీర్తన. రెండోది సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో, ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా రుచి చెప్పేచోట. అక్కడ మన అనువాదంలో నూనె రుచి అని ఉంటుంది. అంటే లషద్ అనేది పిండితే వచ్చే పస, లోపలి జిడ్డు, జీవం. దానికి ‘సారము’ అని పెట్టినవారికి చెరకు గడ, నల్లరేగడి నేల, మనిషి ఒళ్లు మూడూ ఒకేసారి స్ఫురించి ఉండాలి. మనం సారవంతమైన నేల అంటాం, చప్పగా ఉన్న ఉపన్యాసాన్ని నిస్సారం అంటాం. కనుక ‘సారం ఇగిరిపోవడం’ అని మీరు నిర్భయంగా రాయవచ్చు.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ కీర్తన పాడిన దావీదు సారం ఎందుకు ఎండింది? ముందు వచనం చూడండి, “నేను మౌనినై యుండగా” అని మొదలవుతుంది. తరువాతి వచనంలో పాపం ఒప్పుకున్నాడు. అంటే ఇది దాచిపెట్టిన తప్పు లోపల వేడెక్కి పెట్టిన ఎండ. ఇప్పుడు 63వ కీర్తన తెరవండి: “నీళ్లు లేక యెండియున్న దేశమందు నా ప్రాణము నీకొరకు తృష్ణగొనియున్నది.” ఇక్కడ ఎండింది దేశం, ప్రాణం కాదు. ప్రాణానికి దాహం వేస్తోంది, దాహం బతికున్నవాడికే వేస్తుంది. రెండు చోట్లా ఎండడమే, రోగాలు మాత్రం వేరు. ఇంగ్లీషు మాట ఈ రెంటినీ ఒకే గాటన కడుతుంది. మీరూ ఒకే మాటతో సరిపెడితే, 63వ కీర్తనలో ఉన్నవాడికి 32వ కీర్తన మందు పోసినట్టవుతుంది. మన సంఘాల్లో జరుగుతున్నది చాలావరకు అదే. “నాకు ప్రార్థన రావడం లేదు” అని ఎవరైనా నోరు తెరవగానే “ఏదో పాపం ఉండి ఉంటుంది, ఒప్పుకో” అంటారు. కష్టాల్లో ఉన్న యోబును నీ పాపమే కారణమన్న ఆ స్నేహితులకు ఇప్పటికీ శిష్యులు తక్కువ కాలేదు.

తెలుగులో తడి పోవడానికి ఒక మాట కాదు, కనీసం అరడజను ఉన్నాయి. రైతుల భాష కదా. బట్టలు ఆరేస్తాం, మిరపకాయలు ఎండబెడతాం.  ఆరిన బట్ట కట్టుకోవడానికి పనికొస్తుంది, ఎండిన పైరు పశువులకు పోతుంది. కానీ ఈ ‘ఆరు’కు ఇంకో ముఖం ఉంది, దీపం కూడా ఆరుతుంది. “ఆత్మను ఆర్పకుడి” అని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో ఉన్నది అదే ధాతువు. సాక్ష్యం చెప్పేటప్పుడు మనవాళ్లు ‘చల్లారిపోయాను’ అంటారే, అది పొయ్యి మాట, నీళ్లది కాదు. దానికి మందు ఊదడం, పుల్లలు ఎగదోయడం. నీటి మాటలకు ఆ మందు పనిచేయదు.

‘ఇంకు’ చూడండి. వాన నీళ్లు నేలలోకి ఇంకిపోయాయంటే పోయినట్టు కాదు, కిందికి దిగాయని అర్థం. లేకపోతే ఇంకుడు గుంతలు ఎందుకు తవ్వుతాం? ‘కన్నీళ్లు ఇంకిపోయాయి’ అనే మాటలో ఎంత ఓదార్పు ఉందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘వట్టిపోవు’. మా నాయనమ్మ దగ్గర ఒక ఎర్రావు ఉండేది. ఒక వేసవిలో అది వట్టిపోయింది. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు. పాలివ్వని ఆవుకు చిట్టూ తవుడూ ఎందుకు పెడుతున్నావని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆవు డొక్క మీద ఆనించింది. లోపల ఏదో కదిలింది. “చూడిది. దూడకు పోతున్నాయి పాలు” అంది. ఈనబోయే ముందు రెండు నెలలు రైతులే పాలు పితకడం ఆపేస్తారని తరువాత తెలిసింది. బయటికి చెంబు నిండదు. లోపల మాత్రం పని జరుగుతూనే ఉంటుంది.

ఒక సభ్యుడు:

‘ఎండిన’ అంటే అందరికీ అర్థమవుతుంది. యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలోని లోయలో ఎండిన ఎముకలు లేవా? ఇంత చర్చ అవసరమా మాస్టారూ?

మాస్టారు:

ఆ ఎముకలు మాట్లాడేది చదవండి, 11వ వచనం: “మన యెముకలు ఎండిపోయెను, మన ఆశ విఫలమాయెను.” ఇశ్రాయేలు ఇంటివారు తమ గురించి తామే అనుకుంటున్న మాట అది. చెరలో ఉన్న జాతి మొత్తం తనకు తాను రాసుకున్న మరణపత్రం. ఆదివారం పాట పాడుతూ ఆవులించిన మనిషికి ఆ మాట మరీ పెద్ద చొక్కా. అవసరమా అంటే అవసరమే. పాముకాటుకూ దోమకాటుకూ ఒకే మాట వాడే ఊళ్లో వైద్యుడికి కష్టం.

గుంటూరు నుంచి ఒక కతోలిక సభ్యురాలు:

మాస్టారి నీటి మాటలు చదువుతుంటే అవిలా తెరేసా గుర్తుకొచ్చింది. స్పెయిన్ దేశపు సన్యాసిని, 1515లో పుట్టి 1582లో పోయింది. తన జీవితకథలో ప్రార్థనను తోటకు నీరు పెట్టడంతో పోలుస్తుంది. నాలుగు పద్ధతులు చెబుతుంది: బావిలోంచి చేదుకోవడం, చక్రం తిప్పి కాలువలోకి తోడటం, ఏరు పారి తడపడం, వాన కురవడం. పద్ధతి మారేకొద్దీ మనిషి కష్టం తగ్గుతుంది, దేవుడి పని పెరుగుతుంది. స్పెయిన్‌లో అది కుండలు కట్టిన చక్రం. మనకైతే ఏతమో, ఎద్దులతో తోలే మోటో అంటే చాలు, బొమ్మ కళ్లముందుకొస్తుంది.

మొదటి పద్ధతి దగ్గర ఆమె దాచకుండా చెప్పిన సంగతి ఒకటి ఉంది. బొక్కెన ఎన్నిసార్లు దించినా ఒట్టిదే పైకి వచ్చే రోజులుంటాయట. అయినా దించుతూ ఉండమంటుంది, తోట యజమాని చూస్తున్నాడు కదా అని. ఇంకా నచ్చిన చోటు: కొన్ని సంవత్సరాల పాటు ప్రార్థన గంట ఎప్పుడు అయిపోతుందా అని గడియారం కొట్టడం కోసం చెవి ఒగ్గి కూర్చునేదాన్నని రాసుకుంది. తరువాత పునీతురాలిగా ప్రకటించబడిన మనిషి! మా విచారణలో (పారిష్‌లో) జపమాల నడుస్తుండగా గోడగడియారం వంక చూసేవాళ్లందరికీ ఈ పేరా అచ్చు వేసి పంచాలనిపిస్తుంది.

ఆమె తోటివాడు, సిలువ యోహాను (1542–1591), గుర్తుపట్టే పద్ధతి చెప్పాడు. ఈ వెలితి మన అశ్రద్ధ వల్ల వచ్చిందా, దేవుడే తల్లిలా పాలు మాన్పిస్తున్నాడా అని తెలుసుకోవడానికి. దేవుడి పనైతే మూడు గుర్తులుంటాయి. దేవుడి సంగతులే కాదు, లోకపు సంగతులూ రుచించవు. అయినా దేవుడికి దూరమవుతున్నానేమో అన్న బెంగ వదలదు. ఇదివరకటిలా ఊహించి ధ్యానించడం చేతకాదు. బెంగే లేకుండా, టీవీ మాత్రం బాగా రుచిస్తుంటే అది వేరే జబ్బు. ఆ కాలంలో ‘మెలంకలీ’ అనే మనోవ్యాధి ఉండేది, దాన్నీ ఆయన విడిగా లెక్కలోకి తీసుకున్నాడు. ఈ ఒక్క మాట మీ పుస్తకంలో తప్పక పెట్టండి. నిద్ర లేక, తిండి సయించక, బతుకు మీదే విసుగు పుట్టినవారిని ఉపవాస కూటానికి కాదు, ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

అడిగినవారు:

మీ మాటతో ఏలీయా ప్రవక్త గుర్తుకొచ్చాడు. బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతానన్నవాడికి దూత ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తినమని లేపాడు. మరి అంతకు ముందు ఆయన దాక్కున్న కెరీతు వాగు ఎండిపోయింది కదా, అక్కడ ఆయన తప్పేమీ లేదు. దేవుడు ఉండమన్న చోటే ఉన్నాడు. అది ఏ మాట కిందికి వస్తుంది మాస్టారూ?

మాస్టారు:

మంచి చోట పట్టారు. వాన లేక వాగు ఎండింది, వాన ఉండదని ముందే చెప్పినవాడు ఆయనే! అది ‘అడుగంటడం’. ఆ వాగు ఎండకపోతే సారెపతు విధవరాలి ఇంటికి వెళ్లేవాడు కాదు. (బదరి అంటే రేగు. హీబ్రూలో ఉన్నది ఎడారి పొద ఏదో. మనవాళ్లు ఏలీయాను రేగుచెట్టు కింద పడుకోబెట్టారు, పాపం ముళ్ల మధ్య.)

ఒంగోలు నుంచి:

మా ఊరి కథ ఒకటి చెప్పాలి, మాటకు సంబంధించినదే. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలైంది. 1853 నాటికి ఫలితం దాదాపు కనబడక, మూసేద్దామా అని అమెరికాలో చర్చించారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, నెల్లూరు విశ్వాసులు కొందరు మా ఊరి కొండెక్కి ప్రార్థించారు. అదే ఇప్పుడు ప్రేయర్ మీటింగ్ హిల్. ఆ తరువాత 1876–78 కరువు. అప్పటి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం పని ఒప్పుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. కూటి కోసం వస్తున్నారనే మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. 1853లో ఎండిపోయిందనుకున్నది ఎండిపోలేదు, ఇంకింది. చరిత్ర పుస్తకాలు దొరల పేర్లు ముందు చెబుతాయి కానీ, 1866లో బాప్తిస్మం పొంది తన మాదిగ బంధువుల మధ్య ఊరూరా తిరిగిన యర్రగుంట్ల పేరయ్య వంటివారే ఆ కింది నీరు.

మాస్టారు:

బాగా చెప్పారు. ఒక మాట మిగిలిపోయింది, ‘పూడిక’. ఆదికాండము 26లో ఇస్సాకు కొత్త బావుల కంటే ముందు తండ్రి అబ్రాహాము బావులను తిరిగి తవ్వించాడు. ఫిలిష్తీయులు వాటిని మన్నుతో పూడ్చేశారు. ఊట చావలేదు, పైన మట్టి పడింది, అంతే. ఇరవై ఏళ్లు సండే స్కూలు, పాటల బృందం, కమిటీ, వంటల ఏర్పాటు ఒక్కరే మోసేవారిలో నేను చూసింది ఇదే. పాపమూ కాదు, పరీక్షా కాదు. పనుల మట్టి. వాళ్లను ఇంకో కూటానికి పిలిస్తే ఇంకో తట్ట మట్టి పోసినట్టే.

మా పెరటి బావికి పూడిక తీసేది ఎప్పుడో తెలుసా? చైత్ర వైశాఖాల్లో, నీళ్లు అడుగంటాక. నీరు నిండుగా ఉన్నప్పుడు ఎవరూ దిగలేరు. నడుముకు తాడు కట్టుకుని ఒకాయన దిగి నల్లటి బురద తట్టలకెత్తేవాడు. విరిగిన చేద, నా గోళీలు, మా అత్త పోగొట్టుకున్న ఇత్తడి చెంబు అన్నీ పైకి వచ్చేవి. సాయంత్రానికి అడుగున ఒక మూల బుడగ లేచేది. “పడింది” అని కింది నుంచి కేక. ఆ పూట ఎవరూ ఆ నీళ్లు తాగరు. బురదగానే ఉంటాయి.

అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. పుస్తకమంతా ఒకే మాట వాడటం మానేశాను. దాచిన తప్పు గురించిన అధ్యాయంలో ‘సారం ఇగిరిపోవడం’, దేవుడు మౌనంగా ఉన్నట్టనిపించే కాలానికి ‘వట్టిపోవడం’, అలసిపోయినవారి అధ్యాయానికి ‘పూడిక’. పైపేరు కూడా ‘పూడిక’ అనే పెట్టి పాస్టరు గారికి చూపించాను. అద్దాలు పైకి నెట్టుకుని, “పంచాయతీవాళ్ల కరపత్రం అనుకుంటారేమోనమ్మా” అన్నారు. అత్తగారు మాత్రం ఆ అధ్యాయం రెండుసార్లు చదివించుకుని, ఈ ఆదివారం వంటల బాధ్యత ఇంకెవరికైనా అప్పగించమని ఆయనకే ఫోను చేశారు.