కువైట్ ఇంటి డ్రైవరా, తిరుపతి ట్రావెల్స్ డ్రైవరా: గంటకు లెక్కేస్తే ఎవరికి ఎక్కువ?

అలిపిరి_స్టాండు:
కువైట్‌లో ఇంటి డ్రైవరుకు 130 దినార్లు అనంగానే మన పిల్లోళ్ళు పాస్‌పోర్టు చేతబట్టుకోని పరిగెత్తతా ఉండారు. నెల జీతం చూస్తే ఎట్లబ్బా, గంటకెంత పడతాదో చూడాల. దినారు 275 అనుకుంటే 35,750 రూపాయలు. పొద్దున పిల్లోళ్ళ బడి, మధ్యాన్నం మేడమ్ షాపింగు, రాత్రికి బాబాను (ఇంటి యజమానిని) దివానియాకు, అంటే మగోళ్ళు కూడి మాట్లాడుకునే చోటికి తీసకపోయి తీసకరావాల. 15 గంటలు, సెలవు లేకుండా 30 రోజులు, మొత్తం 450 గంటలు. గంటకు 79. తిరుపతిలో ట్రావెల్స్ బండి తోలితే జీతం 18,000. బయట ట్రిప్పులకు రోజుకు 300 బత్తా, 20 రోజులు తగిలినా 6,000. మొత్తం 24,000. రోజుకు 8 గంటలు, 26 రోజులు, 208 గంటలు. గంటకు 115. ఇంక మీరే చెప్పండి.

మదనపల్లె_టమోటా:
దినారు 275 యాడుంది సామీ? ఇంకా పైనే పలుకుతోంది.

దినార్_లెక్క:
రేటు సంగతి తర్వాత. తిరుపతిలో 8 గంటలు ఎలా వచ్చాయన్నా? కొండకు పోయే ట్రిప్పే తీసుకో. ఘాట్ ఎక్కేది దిగేది కలిపితే గంట పైచిలుకు. మిగతాదంతా పార్కింగులో కూర్చోవడమే. టికెట్ లేని పార్టీ సర్వదర్శనం క్యూలో చేరితే పది గంటలు దాటినా దాటుతుంది. దాన్ని నువ్వు సున్నా చేశావ్. కువైట్‌లో మేడమ్ మాల్‌లో ఉన్నంతసేపు బయట బండిలో కూర్చున్నది మాత్రం పని గంటల్లో వేశావ్. రెండు చోట్లా వెయిటింగు వేసి చూడు. తిరుపతిలో రోజుకు 14 గంటలు తక్కువేం కాదు. 26 రోజులకు 364. 24,000ను దాంతో భాగిస్తే గంటకు 66. నువ్వు చెప్పిన 15 గంటల కువైటే 79 దగ్గర ఉంది.

ఇక అక్కడి చట్టం ప్రకారం చూస్తే, ఇంటి పనివాళ్ళకు 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఉంది. రోజుకు 12 గంటలకు మించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి. 26 రోజులకు 312 గంటలు. గంటకు దాదాపు 115.

అలిపిరి_స్టాండు:
చట్టమా! ఆ ఇంటి గోడల్లోపల ఎవరు పోయి చూస్తారు? మనకూ ఉండేది చట్టం, 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025 నవంబరులో కొత్త లేబరు కోడ్‌లో కలిసిపోయింది. దాంట్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 అని ఉండేది.

దినార్_లెక్క:
అక్కడి చట్టం కాగితం, ఇక్కడిది మాత్రం వేదమా? ఆ 1961 చట్టం ఉన్నప్పుడు కూడా ఐదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థకే. మన ఊర్లో మూడు బండ్లు అన్న పేరు మీద, రెండు వదిన పేరు మీద ఉంటాయి. ఎక్కడొచ్చేది ఐదు? పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్ఐకి 10 మంది కావాలి. అదీ రాదు. కువైట్ చట్టంలో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఆఖర్లో ఇవ్వాలని ఉంది. రెండేళ్ళకు 260 దినార్లు, 71,500. జీతం ఆలస్యం చేస్తే నెలకు 10 దినార్లు అదనం. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ అడగకపోతే రావు, నిజమే. అడగడానికి పామ్‌లో (అక్కడి ప్రభుత్వ కార్మిక సంస్థలో) ఇంటి పనివాళ్ళ విభాగం ఒకటుంది.

పుంగనూరు_22:
అక్కడ లైసెన్సు తీసుకోవాలంటే 600 దినార్ల జీతం, డిగ్రీ ఉండాలంట కదా?

దినార్_లెక్క:
ఇంటి డ్రైవరు వీసాకు ఆ షరతు లేదు. మన లైసెన్సు మాత్రం అక్కడ చెల్లదు, అక్కడ టెస్టు రాసి తీసుకోవాల్సిందే. ఖాదిం (ఇంటి పనివాళ్ళ) వీసా నుంచి కంపెనీ వీసాకు మారితే ఆ మినహాయింపు పోతుంది. వీసా మార్చుకోనిస్తారా అంటే ఎప్పుడంటే అప్పుడు కాదు, 2024లో జూలై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా రెండు నెలలే తలుపు తెరిచారు. పోయేముందే ఇది తెలుసుకో.

చంద్రగిరి_అక్క:
ఇద్దరూ గంటలు భాగిస్తున్నారు గానీ అప్పు సంగతి వదిలేశారు. ఏజెంటు తీసుకోవాల్సింది 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. బయట అడిగేది అంతకు చాలా ఎక్కువ. 1,20,000 అనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,400. అసలు ఆఖర్లో కడతానంటే రెండేళ్ళకు వడ్డీయే 57,600. మొత్తం 1,77,600, అంటే నెలకు 7,400. ఇంట్లో పెళ్ళాం పిల్లల ఖర్చు, బాడుగ, స్కూలు ఫీజు మనిషి ఎక్కడున్నా ఒకటే, దాన్ని ఏ లెక్కలోనూ తీసేయక్కర్లేదు. తేడా మనిషి సొంత తిండి దగ్గరే. కువైట్‌లో తిండి, గది ఇంటివాళ్ళవే. ఫోనూ సబ్బులూ కలిపి 20 దినార్లు పోతే 110 మిగుల్తుంది, 30,250. అప్పు తీసేస్తే 22,850. తిరుపతిలో 24,000లో సొంత తిండికి 3,500 పోతే 20,500. మొదటి రెండేళ్ళు తేడా నెలకు 2,350. దానికోసం మనిషి ఇల్లు విడిచి పోవాలా అన్నది వేరే ప్రశ్న. అప్పు తీరాక అదే తేడా 9,750. కాబట్టి రెండేళ్ళకే తిరిగొచ్చేవాడికి కువైట్ గిట్టదు, నాలుగేళ్ళు ఉండేవాడికి గిట్టుతుంది.

మదనపల్లె_టమోటా:
అక్కా, 290 రేటుతో వేయండి, అన్నీ మారిపోతాయి.

అలిపిరి_స్టాండు:
చూసినారా, అక్క లెక్కలో కూడా తేడా రెండువేలే. దానికి ఎడారిలో పడి ఉండాలంట. దినార్_లెక్కకు వీసాకు ఎంత కమీషనో ముందు చెప్పమనండి.

దినార్_లెక్క:
నా కమీషన్ సంగతి నీకెందుకు? నీకు డ్రైవర్లు నిలవడం లేదు, ఆ మంట కువైట్ మీద చూపిస్తున్నావ్. బండి కదలని రోజుకు బత్తా ఇస్తావా నువ్వు? కొండ మీద పార్టీ రెండ్రోజులుంటే రెండో రోజు బత్తాలో సగం కోసేది ఎవరు?

అలిపిరి_స్టాండు:
ఎవురు కోసినారో పేరు చెప్పి మాట్లాడు. పార్టీ నాకిచ్చేది ప్యాకేజీ రేటు. కొండ, కాణిపాకం, కాళహస్తి కలిపి ఒక రేటు, వెయిటింగు దాంట్లోనే. పార్టీ ఇయ్యని దుడ్లు నేను యాడ నుంచి తెచ్చేది? పైగా డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకోని నిద్రపోతా ఉంటాడు. నిద్రకూ జీతమా?

దినార్_లెక్క:
ఇప్పుడొచ్చావ్ అసలు మాటకు. అక్కడి కఫీలూ (వీసా ఇచ్చిన యజమానీ) ఇదే అంటాడు: గదిలో పడుకున్నావు కదా, పనెక్కడ చేశావు అని. తాళం డ్రైవరు చేతిలో ఉండి, ఫోను రాంగానే పది నిమిషాల్లో బండి తేవాలంటే అది పనే. స్నానానికి పోలేడు, ఇంకో ట్రిప్పు ఒప్పుకోలేడు. సీట్లో ముక్కలు ముక్కలుగా పడుకున్న మనిషే రాత్రి పూట పాత ఘాట్ దించాలి. 40 నిమిషాల లోపు కిందికొస్తే చలానా. నిద్ర చాలనివాడు రెండో గేరులో ఓపిగ్గా దించడు, బ్రేకు మీదే కాలు పెట్టి దించుతాడు. లైనింగులు వేడెక్కి, కింద మలుపులు వచ్చేసరికి పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఆ వెయిటింగు పని కాదంటావా?

అలిపిరి_స్టాండు:
పని కాదనలేదు. దుడ్లు ఎవురిస్తారని అడగతా ఉండా.

చంద్రగిరి_అక్క:
ట్రిప్ షీట్లో స్టార్టింగు, క్లోజింగు కిలోమీటర్లు ఎలాగూ రాస్తారు. బండి నిలిపిన టైము, పార్టీ తిరిగి ఎక్కిన టైము కూడా రాయించి పార్టీ సంతకం పెట్టించండి. మొదటి నాలుగు గంటలు ప్యాకేజీలోనే, ఆపైన గంటకు ఇంత అని బుకింగప్పుడే చెప్పండి. లోకల్ టాక్సీలకు గంటలు, కిలోమీటర్లు కట్టి తీసుకోవట్లేదా?

అలిపిరి_స్టాండు:
గంటకు 30 దాటితే పార్టీ పక్క స్టాండుకు పోతాది అక్కా. అందురూ కలిసి పెడితే నేనూ పెడతా.

దినార్_లెక్క:
30తో 8 గంటలకు 240. నీ బత్తా కంటే తక్కువ. అదీ స్టాండంతా ఒప్పుకుంటేనే అంట.

కాణిపాకం_కుర్రోడు:
స్టాండంతా ఒక మాట మీద నిలబడే లోపల కువైట్ వాళ్ళే తిరుపతికొచ్చి బండి తోల్తారు.

పుంగనూరు_22:
అన్నా, నాకు వచ్చే వారం ఇంటర్వ్యూ. కాంట్రాక్టులో గంటలు రాస్తారా రాయరా, అది చెప్పండి.

దినార్_లెక్క:
కాంట్రాక్టు అరబీ, ఇంగ్లీషు రెండింట్లో ఉంటుంది. జీతం, గంటలు, వారం సెలవు ఉన్నాయేమో చదివించుకుని, ప్రతి పేజీ ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకు పంపు. పదో తరగతి పాస్ కాకపోతే నీది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి పోవాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి; ఈ-మైగ్రేట్ (ఆ అనుమతిచ్చే వెబ్‌సైటు) క్లియరెన్సు లేకుండా కదలొద్దు. దాంతోపాటే ప్రవాసీ బీమా, రెండేళ్ళకు 275 రూపాయలు, 10 లక్షల కవరు. విజిట్ వీసా మీద రా, అక్కడ మారుస్తాం అంటే ఆ ఏజెంటు దగ్గర టీ కూడా తాగొద్దు. అక్కడికి చేరాక రోజూ తాళం తీసుకున్న టైము, తిరిగిచ్చిన టైము ఒక చిన్న డైరీలో రాసుకో.

అలిపిరి_స్టాండు:
డైరీ రాసేవాడైతే ఈడ్నే ఉండమని చెప్పు, నేను పనిస్తా.

పుంగనూరు_22:
వెయిటింగుకు ఎంతిస్తారన్నా?