స్వరజ్ఞానం పుట్టుకతో వస్తుందా, సాధనతోనా?

మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్లు. గ్లాసుకి చెంచా తగిలి టంగుమన్నా, పరుగున వెళ్లి కీబోర్డు మీద సరిగ్గా ఆ మీటే నొక్కి చూపిస్తుంది. చిన్నవాడికి ఆరేళ్లు. అదే ఇల్లు, అదే టీచరు, అయినా వాడికి పట్టుబడట్లేదు. మొన్న "నాకు రాదులే నాన్నా" అని కీబోర్డు మీద గుడ్డ కప్పేశాడు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

సంగీత మనస్తత్వ శాస్త్రవేత్త డయానా డాయిచ్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధన గురించి చదివాను. నాలుగైదేళ్లకే సంగీతం మొదలుపెట్టిన విద్యార్థుల్లో, చైనా వాళ్లలో సుమారు 60 శాతం మందికి ఇలా విన్న స్వరాన్ని వెంటనే గుర్తుపట్టే శక్తి (absolute pitch) ఉంటే, అమెరికా వాళ్లలో 14 శాతం మందికే ఉందట. చైనా వాళ్ల మాండరిన్ భాషలో పలికే శ్రుతి మారితే మాట అర్థమే మారిపోతుంది, అందుకే పసితనంలోనే చెవి పదునెక్కుతుందని వాళ్ల వాదన. జన్యువుల పాత్ర కూడా ఉందని ఇంకొందరు అంటారు.

ఒకే ఇంట్లో పిల్లల మధ్య ఇలాంటి తేడా చూసినవాళ్లు ఉన్నారా? ఆరేళ్లు దాటాక సాధనతో ఎంతవరకు వస్తుంది? వాడికి బొమ్మలు గీయడమంటే ప్రాణం. సంగీతం మాన్పించి అటు వదిలేయనా, ఇంకో ఏడాది చూడనా? అన్నింటికంటే ముందు, అక్కతో పోల్చుకుని వాడు కుంగిపోకుండా ఏం చెయ్యాలో దయచేసి చెప్పండి.