యోహాను 12:43లో "మెప్పు" అంటే పొగడ్తేనా?

అందరికీ వందనాలు. ఆదివారం కడపలో మా సంఘంలో ఈ వాక్యం చదివారు: "వారు దేవుని మెప్పుకంటె మనుష్యుల మెప్పును ఎక్కువగా అపేక్షించిరి." ఆరాధన అయ్యాక యూత్ పిల్లలు అడిగారు, మెప్పు అంటే పొగడ్త కదా, దేవుడు మనల్ని పొగుడుతాడా అని. గ్రీకు తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (కర్నూలు నుంచి):
అక్కా, వందనాలు. రెండూ ఒకటి కాదు. "దేవుడు మెచ్చి వరమిచ్చాడు" అంటాం గానీ "పొగిడి వరమిచ్చాడు" అనం. భట్రాజు పొగుడుతాడు, రాజు మెచ్చుతాడు. పొగడ్త కింది నుంచి పైకి పోతుంది, మెప్పు పై నుంచి కిందికి వస్తుంది. కాబట్టి ఎవరి మెప్పు కోసం బతుకుతున్నామో వాళ్లను ఏలికగా ఒప్పుకున్నట్టే. గలతీ 1:10లో పౌలు మాట కూడా ఇదే: "నేనిప్పటికిని మనుష్యులను సంతోషపెట్టువాడనైతే క్రీస్తు దాసుడను కాకయేపోవుదును." ఇద్దరు యజమానుల లెక్క అది.

గ్రీకులో ఇక్కడున్నది డోక్సా. రెండు వచనాల ముందు, 12:41లో, యెషయా ఆయన "మహిమను" చూశాడన్నచోట ఉన్నదీ అదే. యెషయా చూసిన డోక్సా ఒకటి, 43వ వచనం చెప్పే యూదుల అధికారులు వదులుకోలేకపోయిన డోక్సా ఒకటి. తెలుగులో మహిమ, మెప్పు అని విడిపోయేసరికి ఆ ముడి మనకు కనబడదు. అయినా మనవాళ్లు సరిగ్గానే చేశారని నా అభిప్రాయం. "మనుష్యుల మహిమ" అంటే ఎవరికి అర్థమవుతుంది?

పిల్లలకు 42వ వచనం తప్పక చూపించండి. ఆ అధికారులు చప్పట్ల కోసం ఆశపడినవాళ్లు కాదు. యేసును నమ్మారు, వెలివేస్తారేమోనని భయపడి బయటికి ఒప్పుకోలేదు. వెలి అంటే ఏంటో మన పల్లెల్లో ఎవరికీ వివరించనక్కర్లేదు. పలకరింపు ఆగిపోతుంది, పిల్లల సంబంధాలు ఆగిపోతాయి. మన సీమలో "నలుగురూ మెచ్చేట్టు బతకల్ల" అని చిన్నప్పటి నుంచి వింటాం, అందులో మంచి ఉంది. కానీ ఆ నలుగురు ఒకవైపు, క్రీస్తు ఒకవైపు నిలబడిన రోజు ఏం చేస్తాం? 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడి తల్లిదండ్రులు ఇదే భయంతో "వాడినే అడగండి" అని తప్పుకున్నారు. కొడుకు తప్పుకోలేదు, వెలివేశారు. అది విని యేసే వాణ్ణి వెతికి కనుగొన్నాడు (9:35). దేవుని మెప్పు అంటే నాకు ఆ వచనమే గుర్తొస్తుంది.

మత్తయి 6:2లో బూర ఊదించుకుని ధర్మం చేసేవాళ్లు కోరే "ఘనత" కూడా గ్రీకులో ఈ కుటుంబం మాటే. కానుక ఇచ్చిన ఫ్యాన్ మీద పేరు రాయించుకునే మన అలవాటును దీంతో కలిపి ఆలోచించాలి.

అనంతపురం నుంచి ఒక సభ్యుడు:
అన్నా, మరి 1 కొరింథీ 10:33లో పౌలే "అన్ని విషయములలో అందరిని సంతోషపెట్టుచున్నాను" అంటాడు కదా?

జవాబు:
మంచి ప్రశ్న తమ్ముడూ. గ్రీకులో ఇక్కడా, గలతీ 1:10లోనూ "సంతోషపెట్టు" అన్నది ఒకటే క్రియ. తేడా పక్కనున్న మాటల్లో ఉంది: "స్వప్రయోజనమును కోరక, అనేకులు రక్షింపబడవలెనని." ఎదుటివాడి మేలు కోసం తగ్గడం వేరు, వాడి దగ్గర మంచి పేరు కోసం సత్యాన్ని మింగేయడం వేరు. ఎవరి మాటా వినకుండా, ఇంట్లోవాళ్లను నొప్పించి "నాకు దేవుని మెప్పు చాలు" అనేవాళ్లకు గలతీ 1:10 ఆసరా కాదు. పౌలు అక్కడ తెగించింది సువార్త మారిపోతోందని, తన పంతం కోసం కాదు.

గలతీ 1:10 మొదట్లో "దయను సంపాదించుకొన" అన్నచోట గ్రీకు క్రియకు మామూలు అర్థం ఒప్పించడం. దాని మీద ఇంకో పోస్టు పెట్టండి, విడిగా మాట్లాడుకుందాం.