సమురాయ్ కామిక్‌లో నా విలన్‌ని చూస్తే ఎవరికీ భయం వేయడం లేదు, ఏం చేయాలి?

కావలి బొమ్మలోడు
అన్నలూ, మాది కావలి. పగలు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తా, రాత్రిళ్ళు సొంతంగా ఒక కామిక్ గీస్తున్నా. కథ జపాన్‌లో, 1580 ప్రాంతంలో జరుగుతుంది. హీరో యజమాని చచ్చిపోయి దిక్కులేకుండా తిరిగే సమురాయ్, రోనిన్ అంటారు కదా, వాడు. విలన్ ఒక దైమ్యో, అంటే సొంత కోట, సొంత సైన్యం ఉన్న ప్రభువు. మొదటి భాగంలో ఊరు తగలబెడతాడు, రెండో దాంట్లో రాయబారానికి వచ్చినవాణ్ణి నరుకుతాడు, మూడో దాంట్లో సొంత మంత్రినే లేపేస్తాడు. మా తమ్ముడు మూడూ చదివి "ఏందన్నా, ఆదివారం మటన్ కొట్టు ముందు నిలబడినట్టుంది" అని పక్కన పడేసి పోయాడు. విలన్ చిన్నతనంలో ఏదో అన్యాయం జరిగిందని ఫ్లాష్‌బ్యాక్ పెట్టమని ఒకరు, అసలు ముఖమే చూపించొద్దని ఇంకొకరు చెప్తున్నారు. మీరేమంటారు?

బుచ్చి కుర్రోడు
విలన్ అంటే నరకాలి బ్రో, నరక్కుండా కూర్చుని కబుర్లు చెప్తే ఎవడు చదువుతాడు. ఇంకా పెద్ద కత్తి ఇయ్యి.

ఉదయగిరి మెట్లు
పెద్ద కత్తితో పనవదు తమ్ముడూ. వాడి చేతికి బియ్యం లెక్కల పుస్తకం ఇయ్యి, అప్పుడు చూడు.

మా ఉదయగిరి కోట తెలుసు కదా. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే 1514లో గానీ చేతికి రాలేదు. అంత కొండ మీద కోటని కత్తులతో పట్టుకోలేరు, లోపలికి తిండి పోకుండా దారులు మూసి కూర్చోవాల్సిందే. జపాన్‌లో కూడా అంతే, కాకపోతే అక్కడ ఇంకో అడుగు ముందుకేశారు. 1581లో నోబునాగా అనే పెద్ద దైమ్యో సేనాపతి హిదెయోషి తొత్తొరి కోట మీదకి పోయేముందు ఏం చేశాడంటే, వర్తకుల్ని పంపి ఆ ప్రాంతంలో బియ్యమంతా మామూలు ధర కంటే బాగా ఎక్కువ పెట్టి కొనిపించేశాడు. ఆశపడి కోటలోవాళ్ళు కూడా దాచుకున్న బియ్యం బయటికి అమ్మేశారని చెప్తారు. ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెల జనాన్ని తరిమి తరిమి కోటలోకి పోయేట్టు చేశాడు. ఎందుకంటావా, లోపల తినే నోళ్ళు పెరగాలి, అంతే. గడ్డి అయిపోయింది, గుర్రాలు అయిపోయాయి, చివరికి మనుషులు మనుషుల్నే తినేదాకా వచ్చింది. కోట అధిపతి కిక్కవా త్సునెయియె "నేను చస్తాను, మిగతావాళ్ళని వదలండి" అని ఒప్పందం చేసుకుని సెప్పుకు చేసుకున్నాడు, అంటే తన కడుపు తనే కోసుకుని చచ్చాడు. తలుపులు తీశాక బయట వండి పెట్టిన అన్నం మీద పడి కడుపునిండా తిన్నవాళ్ళు చాలామంది ఆ తిన్నచోటే ప్రాణం వదిలారు.

ఇది ఎట్టా గీస్తావో ఆలోచించు. మొదటి పేజీలో రక్తం వద్దు, బియ్యం రేటు పెరిగిందని రైతులు సంబరపడుతుండాలి. కొనేవాడు ఎవరో పాఠకుడికి కూడా తెలియకూడదు.

ఒంగోలు పాత పుస్తకాలు
పైన అన్న చెప్పింది బాగుంది. నేనైతే ఆ హిదెయోషి దొర నోబునాగాని కూడా చూడమంటా. 1571లో హియే కొండ మీద ఎన్ర్యాకుజి మఠాన్ని తగలబెట్టించాడు, సన్యాసులే కాదు, అక్కడున్న ఆడవాళ్ళు, పిల్లలు కూడా పోయారు. 1574లో నగాషిమా దగ్గర తిరగబడిన జనాన్ని కంచెలు కట్టి లోపల ఉంచి నిప్పు పెట్టించాడు, 20,000 మంది అని రాతల్లో ఉంది. అదే మనిషి దారుల్లో సుంకాల గేట్లు తీయించేశాడు, తన కోట కింద బజార్లో ఎవరైనా వచ్చి అమ్ముకోవచ్చన్నాడు. అక్కడి కొట్టువాణ్ణి అడిగితే "మా దొర బంగారం" అనే అంటాడు కదా. నీ రోనిన్ పగతో ఆ ఊరొచ్చినప్పుడు జనమంతా విలన్‌ని మెచ్చుకుంటుంటే వాడి ముఖం ఎట్టా ఉంటుందో, ఆ ప్యానెల్ నాకు కావాలి.

ఇంకోటి. సొంత మంత్రిని నరికిన సీన్ తీసేయ్. అప్పటి ప్రభువులు కిందవాళ్ళ పెళ్ళాం పిల్లల్ని తమ దగ్గర తాకట్టుగా ఉంచుకునేవాళ్ళు, తర్వాత జపాన్‌ని ఏలిన ఇయెయసు చిన్నప్పుడు అట్టా పరాయి కోటల్లో పెరిగినవాడే. మంత్రి ఎదురు మాట్లాడితే విలన్ కోపం చూపించక్కర్లేదు. "మీ అబ్బాయి ఈ మధ్య బాగా ఎదిగాడు" అంటే చాలు. మంత్రి మిగతా కథంతా బతికే ఉంటాడు, అదీ అసలు టెన్షన్. నోబునాగాని 1582లో హొన్నోజి గుడిలో చుట్టుముట్టింది శత్రువు కాదు, సొంత సేనాపతి అకెచి మిత్సుహిదె. అది మనసులో పెట్టుకో.

కనిగిరి పిల్ల
మీరందరూ విలన్ గురించే మాట్లాడుతున్నారు, కథ ఎవరు చెప్తున్నారో అడగలేదు. మా వైపు కాటమరాజు కథలో పుల్లరి, అంటే పశువులు మేపినందుకు కట్టే పన్ను, తగువుతో ఎర్రగడ్డపాటి దగ్గర యుద్ధం జరుగుతుంది. గొల్లల తరఫున ఆ కథ పాడే కొమ్ములవాళ్ళు పాడితే నెల్లూరు రాజు పరమ దుర్మార్గుడు. నెల్లూరు వైపు పోతే అదే యుద్ధంలో రాజు తరఫున పోరాడిన ఖడ్గతిక్కన వీరుడు. నీ కామిక్‌లో విలన్ ఊరి ఆడమనిషి ఒకామెతో కొన్ని పేజీలు చెప్పించు అన్నా.

1600లో ఓగాకి కోట ముట్టడిలో ఉన్న ఒకామె ముసలితనంలో చెప్పిన జ్ఞాపకాలున్నాయి. మగవాళ్ళు తెచ్చిన శత్రువుల తలలకి చీటీలు కట్టి వరసగా పెట్టేవాళ్ళంట, వాటి పళ్ళకి నల్లరంగు పూసే పని ఆడవాళ్ళదంట. పళ్ళు నల్లగా ఉంటే పెద్ద హోదా ఉన్నవాడి తల అని, తెచ్చినవాడికి ఎక్కువ గౌరవం. ఆ తలల మధ్యనే నిద్రపోయేవాళ్ళమని, భయం వేయలేదని చెప్తుంది ఆమె. విలన్ ఆ గదిలోకి వచ్చి ఒక తల చూసి "దీనికి రంగు సరిగ్గా అంటలేదు" అని వెళ్ళిపోతే? కత్తి తీయనే తీయలేదు చూడండి.

బుచ్చి కుర్రోడు
అమ్మో. సరే, కత్తి మాట వెనక్కి తీసుకుంటున్నా.

కావలి బొమ్మలోడు
కనిగిరి చెల్లీ, రాత్రి నిద్ర పోయిందమ్మా నీ వల్ల. ఫ్లాష్‌బ్యాక్ ఆలోచన మానుకున్నా, మొదటి భాగం బియ్యం కొనుగోలుతోనే మొదలుపెడతా, మంత్రి బతుకుతాడు. తల సీన్‌లో ఆమె చేతులు, బ్రష్, రంగు గిన్నె మాత్రమే గీసి విలన్‌ని నడుము కిందనుంచే చూపిద్దామనుకుంటున్నా. ఒక్క డౌట్, ఆ రోజుల్లో బియ్యం గోనెసంచుల్లో పోసేవాళ్ళా? రిఫరెన్స్ బొమ్మలు దొరకడం లేదు.

ఉదయగిరి మెట్లు
గోనెసంచి గీయొద్దు. వరిగడ్డితో అల్లిన మూటలు, పొడుగ్గా డ్రమ్ములాగా ఉంటాయి, రెండు చివర్లా గుండ్రటి గడ్డి మూత, చుట్టూ తాళ్ళు. తవరా అంటారు, ఆ మాటతో వెతుకు, బొమ్మలు బోలెడు వస్తాయి. పడవలోకి ఎక్కించేటప్పుడు భుజం మీద పెట్టుకుని మోస్తారు, దాని బరువుకి కూలీ మెడ ఒక పక్కకి వంగిపోవాలి, అది మర్చిపోకు.