టేకు భరిణెల మీద పోసిన రెసిన్ మూతలు జిగురుగా ఉండిపోయాయి, అంచులు లేచాయి. కాపాడుకోగలనా?

గడప_టేకు (రాజమండ్రి):

అందరికీ నమస్కారం అండి. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

అమలాపురం దగ్గర మా అమ్మమ్మ గారి పెంకుటిల్లు ఈ సంక్రాంతి అయ్యాక విప్పేశారు. కలప అంతా అమ్మేశారు గానీ వీధి గుమ్మం ద్వారబంధం మాత్రం గడపతో సహా నేను అడిగి తెచ్చుకున్నా. అచ్చం చేవ టేకు, ఎక్కడా తెల్లచెక్క లేదు. దాంతో చిన్న చిన్న కుంకుమ భరిణెలు చేసి మా పిన్నులకి, అత్తలకి, అక్కచెల్లెళ్లకి తలా ఒకటి శ్రావణమాసంలో ఇద్దామని, మొత్తం 14.

పెట్టె 10 సెంటీమీటర్లు పొడవు, 7 వెడల్పు, 5 ఎత్తు. మూలలు 45 డిగ్రీలకి కోసి ఫెవికాల్‌తో అతికించి, మూలకి అడ్డంగా సన్న గాడి కోసి అందులో మామిడి చెక్క చీలిక దిగ్గొట్టా, అవి బ్రహ్మాండంగా వచ్చాయి, వాటి గురించి బెంగ లేదు. ఇబ్బంది అంతా మూతలతోనే. మూత 12 మిల్లీమీటర్ల పలక, పైన ట్రిమ్ రౌటర్‌తో 4 మిల్లీమీటర్లు లోతు గూడు తీసి, గడప పైపొర ఉంది కదా, ఏళ్ల తరబడి పసుపు రాసి రాసి చెక్కలోకి ఇంకిపోయింది, ఆ పొరని సన్నగా కోసి ఒక్కో మూతలో అగ్గిపెట్టంత ముక్క పెట్టి, దాని మీద ఎపాక్సీ రెసిన్ పోశా. అమ్మమ్మ చేత్తో రాసిన పసుపు అది, అద్దం కింద ఉన్నట్టు కనపడాలని నా కోరిక.

ఇప్పుడు ఏమైందంటే
- వారం అయినా మూతలు చేతికి జిగురుగా తగులుతున్నాయి. కొన్ని వేలితో తుడిస్తే మైనం రాసినట్టు, కొన్ని నొక్కితే వేలి ముద్ర పడేట్టు.
- చెక్క అంచు పొడవునా ఆవగింజల్లాంటి బుడగలు.
- మూతని అడుగు వైపు కిందికి ఉండేట్టు బల్ల మీద పెడితే అంచులు ఆనట్లేదు, అంటే పెట్టె మీద పెట్టినప్పుడు రెండు పక్కలా పైకి లేచి గోరు దూరేంత సందు వస్తోంది.

డబ్బా మీద రెసిన్, హార్డనర్ (గట్టిపరిచే ద్రవం) 2:1 అని ఉంది. మొదటిరోజు 10 మూతలకి గీతలున్న కప్పులో కొలిచి పోశా. రెండోరోజు ఆ కప్పు పగిలిపోతే మిగిలిన 4 మూతలకి వంటింటి కాటా మీద తూచి కలిపా. రెండు రోజులూ పొద్దున తొమ్మిదింటికే పోశా, మేడ మీద రేకుల షెడ్డులో. వాన పడుతూనే ఉంది మధ్యమధ్యలో. గడప ముక్క ఇంకొంచెమే మిగిలింది, పాడుచేసుకునే వీలు లేదు, అందుకే ఏదీ ముట్టుకోకుండా మిమ్మల్ని అడుగుతున్నా.

—

అల_రెసిన్ (విశాఖపట్నం):

తమ్ముడూ, కంగారు పడకు, చాలావరకు దక్కుతాయి. నేను ఏడేళ్లుగా సముద్రం పక్కనే రెసిన్ పని చేస్తున్నా, నీ గొడవ అంతా వానాకాలం గొడవ, ఒక్క కాటా సంగతి తప్ప.

ముందు మూతల్ని రెండు గుంపులుగా విడదీయి. బొటనవేలి గోరు నిలువుగా పెట్టి గట్టిగా నొక్కు. గోరు దిగకపోతే లోపల రెసిన్ గట్టిపడినట్టే, పైన ఉన్న మైనం లాంటిది తేమ వల్ల వచ్చింది. హార్డనర్‌లో ఉండే అమైన్లు అనే రసాయనాలు పైకి తేలి గాలిలోని తేమతోటీ కార్బన్ డయాక్సైడ్‌తోటీ కలిసి ఆ పొర కడతాయి. దానికి థిన్నర్, అసిటోన్ పెట్టి రుద్దకు, అవి దాన్ని అటూ ఇటూ పులుముతాయి తప్ప తియ్యవు. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పచ్చ స్క్రబ్బరు, అంతే. చెక్కకి నీళ్లు తగలకుండా బాగా పిండిన స్క్రబ్బరుతో తోమి వెంటనే తుడిచేసెయ్. ఆ పొర పోకుండా ఎమరీ పేపరు పెట్టావో పేపరు నిండా ముద్ద కడుతుంది.

గోరు దిగిందంటే మాత్రం అది వేరే రోగం. ఎన్ని రోజులు ఉంచినా గట్టిపడదు. అవి కాటా మీద కలిపిన నాలుగే అయ్యుంటాయి అని నా అనుమానం. ఎందుకంటే డబ్బా మీద 2:1 అన్నది చాలావాటికి గీతల కప్పు కొలత ప్రకారం, తూకం ప్రకారం కాదు. రెసిన్ బరువు, హార్డనర్ తేలిక. కొలతలో 2:1 ఉన్నది తూకంలోకి వచ్చేసరికి 100 గ్రాములకి 45 గ్రాముల దగ్గర్లో ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది, డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో రాసుంటుంది చూడు. నువ్వు 50 వేశావు. ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు గానీ ఇది సున్నం, సిమెంటు లాంటిది కాదు, రెండూ లెక్కగా జత కుదరాలి, మిగిలిపోయిన హార్డనర్‌కి జత దొరక్క మెత్తగా ఉండిపోతుంది. తూకమే మంచిది నిజానికి, కానీ తూకం లెక్క వేరు, కొలత లెక్క వేరు. అదీ వంటింటి కాటా వద్దు, బంగారం తూచే రకం 0.1 గ్రాము చూపించేది కొనుక్కో. 30 గ్రాములు కలిపేచోట 2 గ్రాములు తేడా అంటే చిన్నది కాదు.

బుడగల సంగతి. పొద్దున తొమ్మిదింటికి రేకుల షెడ్డులో పోశానన్నావే, అక్కడే ఉంది. ఎండ ఎక్కేకొద్దీ రేకు కాగుతుంది, చెక్క కాగుతుంది, చెక్క రంధ్రాల్లో గాలి వ్యాకోచించి రెసిన్‌లోకి బుడబుడమని వస్తుంది. సాయంత్రం ఐదు దాటాక పొయ్యి. చెక్క చల్లబడుతూ ఉంటే లోపలి గాలి కుంచించుకుని రెసిన్‌ని తనలోకి లాక్కుంటుంది. దానికి ముందు గూడు అంతా, ఆ పసుపు ముక్క అడుగూ పక్కలూ కూడా, బ్రష్‌తో పల్చగా ఒక పూత వేసి నాలుగైదు గంటలు ఆగి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అసలుది పోస్తే బుడగలు దాదాపు రావు. పోశాక హీట్ గన్ ఒక్కసారి పైపైన తిప్పు. హెయిర్ డ్రయ్యర్ వాడకు, వేడి చాలదు, దుమ్ము మాత్రం తెచ్చి పోస్తుంది. పోశాక పైన అట్టపెట్టె బోర్లించు, వానాకాలం దీపం పురుగులు వచ్చి పడతాయి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, గ్లవుజులు లేకుండా ముట్టుకోకు. నైట్రైల్‌వి. నాకు రెండో ఏడు చేతుల మీద దద్దుర్లు మొదలయ్యాయి, ఒకసారి ఈ ఎలర్జీ వచ్చిందంటే మళ్లీ పోదు, ఇప్పుడు చుక్క తగిలినా మణికట్టు దాకా ఎర్రగా పొంగుతుంది. చేతికి అంటితే సబ్బుతో కడుక్కో, అసిటోన్‌తో కాదు, అది చర్మంలోకి ఇంకా లోపలికి తీసుకుపోతుంది. మెత్తగా ఉన్నది గీకేటప్పుడు ఇంకా జాగ్రత్త.

—

చిత్రిక_పట్టు (జనగామ):

అక్క రెసిన్ ముచ్చట మంచిగ చెప్పింది. నేను కట్టె ముచ్చట చెప్త. మాది వడ్ల (వడ్రంగి) పనే, మా నాయిన దర్వాజలు చేసేటోడు.

అన్నా, నీ మూత అంచులు లేసుడుకు రెసిన్ ఒక్కటే కారణం కాదు. నువ్వు మూత మీద దిక్కు రెసిన్‌తోని మూసినవు, కింద దిక్కు పచ్చిగ ఇడిసినవు. వాన గాలికి కింది దిక్కు తేమ తాగి ఉబ్బుతది, మీది దిక్కు ఉబ్బది, ఇగ అంచులు మీదికి లేవక ఏం జేస్తది. వందేండ్ల టేకు అయినా సరే, గాలిల తేమ పెరిగితే తాగుతది, తగ్గితే ఇడుస్తది. పొడుగు దిక్కు ఏం మారదు, అడ్డం దిక్కే మారుతది. నీ 7 సెంటీమీటర్ల పలక వానకాలం ఎండకాలం నడుమ అర మిల్లీమీటరు పైన్నే మారుతది, భరిణె మూతకు అది చానా ఎక్కువ.

ఇప్పుడు లేసిన మూతలను బరువు పెట్టి వంచకు, రెసిన్ పగుల్తది లేకుంటే కట్టె కాడ ఊడుతది. ఏసీ ఉన్న రూముల అడుగు మీదికి పెట్టి, కింద రెండు పుల్లలు పెట్టి గాలి ఆడేటట్టు ఓ వారం ఇడిసిపెట్టు. తాగిన తేమ ఇడిస్తే చానావరకు సాపు అయితది. సాపు అయిన రోజే, తెల్లారేదాంక ఆగకుంట, అడుగుకు, నాలుగు పక్కలకు చపడా (లక్క) పాలిష్ మూడు చేతులు కొట్టు. తేమను ఆపుట్ల చపడాను మించింది తక్కువ. రెండు దిక్కుల మూసినంక ఇగ వంగుడు చానావరకు తగ్గుతది.

ఈసారి చేసేటప్పుడైతే మూత మొత్తం ఒక్క పలక పెట్టకు. దర్వాజ తలుపు చూడు, చుట్టు చట్రం, నడుమ చెక్క గాడిల వదులుగ కూసుంటది, దానికి జిగురు పెట్టరు. ఎందుకంటే అది వానకాలం ఉబ్బాలె, ఎండకాలం ముడుసుకోవాలె, చట్రం మాత్రం కదలొద్దు. నీ మూత గూడ గట్లనే చెయ్. చుట్టు టేకు చట్రం, నడుమ రెసిన్ పలక వేరేగ పోసి, గాడిల అర మిల్లీమీటరు సందు ఇడిసి కూసోబెట్టు. రెసిన్ పలకను ప్లైవుడ్ మీద ప్యాకింగ్ టేపు అంటిచ్చి, అంచులు కట్టి పోసుకోవచ్చు, టేపుకు రెసిన్ అంటది. రసమట్టం పెట్టి చూసుకో, లేకుంటే ఒక దిక్కు మందం ఒక దిక్కు పల్చన వస్తది.

ఇంకోటి, పాత దర్వాజ కట్టె కోసేటప్పుడు అయస్కాంతం తిప్పి చూసినవా? మా దగ్గర ఒకసారి గడపల విరిగిన మొల తగిలి రంపం పళ్లు నాలుగు పోయినయ్. మిగిలిన ముక్క కోసే ముందు చూసుకో.

(అంటది అని రాసిన, అంటదు అని చదువుకో. టేపుకు రెసిన్ అంటుకోదు.)

—

లక్క_పిడత (అనకాపల్లి):

ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మాది ఏటికొప్పాకకి దగ్గర ఊరు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో, లక్కతో కుంకుమ భరిణెలు తరతరాలుగా చేస్తున్నారు, 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకు పెట్టి నునుపు చేస్తారు. మూత తీస్తే టప్‌మని చిన్న చప్పుడు వస్తుంది, అంత బిగుతు. కుంకుమ పెట్టుకునే వస్తువుకి ఈ ఎపాక్సీ అవసరమా అని నాకు అనిపిస్తుంది. వేలితో తీసి నుదుటన పెట్టుకుంటారు కదా.

—

అల_రెసిన్:

నీ బాధ నాకు అర్థమైంది, ఏటికొప్పాక భరిణె మా పూజగదిలోనూ ఉంది. కానీ ఈ తమ్ముడికి కావాల్సింది ఆ పసుపు పొర కనపడటం, లక్క వేస్తే అది కప్పడిపోతుంది. నువ్వన్న రెండో మాట మాత్రం నిజం. రెసిన్ లోపలి వైపు ఉండకూడదు, పైన మాత్రమే ఉండాలి. లోపల చిన్న ఇత్తడి గిన్నె కూర్చోబెట్టి కుంకుమ అందులో వేస్తే ఏ గొడవా లేదు. పోసిన వెంటనే ఇచ్చెయ్యకుండా కనీసం ఒక వారం పూర్తిగా ఆరనివ్వాలి.

తమ్ముడూ, ఇంకోటి మర్చిపోయా. గడప మీద పసుపుతోపాటు నూనె చేయి కూడా పడి ఉంటుంది. నూనె ఉన్నచోట రెసిన్ పట్టదు, కొన్నాళ్లకి ఆ ముక్క చుట్టూ వెండి రేకులా మెరుస్తుంది, అంటే ఊడినట్టు. ముక్క అడుగు, పక్కలు అసిటోన్‌తో తుడువు. పైన పసుపు వైపు తుడవకు, పసుపు అందులో కరిగిపోతుంది. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది కూడా, రెసిన్ కింద ఉన్నా సరే. కిటికీ దగ్గర పెట్టొద్దని ఇచ్చేటప్పుడు అందరికీ చెప్పు.

—

గడప_టేకు:

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి. గోరు పెట్టి చూశా. అక్క చెప్పినట్టే, మొదటిరోజు పోసిన పదీ గట్టిగా ఉన్నాయి, సబ్బు నీళ్లతో తోమితే ఆ మైనం పూర్తిగా పోయింది, కింద అద్దంలా ఉంది. కాటా మీద కలిపిన నాలుగింటికీ గోరు దిగింది. డబ్బా వెనక చూస్తే తూకానికి 100:44 అని నిజంగానే చిన్న అక్షరాల్లో ఉందండి. ఈ నాలుగింటిలో ఒకటి అంచున మరీ మెత్తగా జీడిపాకంలా ఉంది, అది కప్పు అడుగూ గోడలూ పుల్లతో గీకి మరీ పోసింది, గుర్తుంది నాకు.

—

అల_రెసిన్:

అదే, కప్పు గోడలకి అంటుకున్నది ఎప్పుడూ సరిగ్గా కలవదు. ఒక కప్పులో మూడు నిమిషాలు కలిపి, ఇంకో శుభ్రమైన కప్పులోకి వంచి అక్కడ మళ్లీ రెండు నిమిషాలు కలిపి అప్పుడు పొయ్యి. మొదటి కప్పుని గీకకు. ఆ నాలుగింటిలో మెత్తగా ఉన్నదంతా కొంచెం వెచ్చజేస్తే ఉలి మొనతో రబ్బరులా లేచి వస్తుంది, కంగారు లేకుండా లాగు. పసుపు ముక్క ఊడి వచ్చేస్తే పోన్లే, మళ్లీ పెట్టుకోవచ్చు.

పది మూతలకి 320 నుంచి 600, 1000, 2000 దాకా నీళ్ల ఎమరీ పట్టి, చివర్లో కారు రబ్బింగ్ పాలిష్. తడిగానే రుద్దు, పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాస్కు పెట్టుకో.

—

గడప_టేకు:

పన్నెండు రోజుల తర్వాత చెప్తున్నా. పది మూతలు మా ఏసీ రూములో తొమ్మిది రోజులు పుల్లల మీద ఉంచా, ఎనిమిది పూర్తిగా సాపు అయ్యాయి, రెండింటికి కాగితం దూరేంత సందు మిగిలింది, వాటి అడుగు అంచుని చిత్రికతో రెండు పట్లు లాగా, సరిపోయింది. అడుగున చపడా మూడు చేతులు పడింది. నాలుగు మూతలు జనగామ తమ్ముడు చెప్పిన పద్ధతిలో చట్రం కట్టి కొత్తగా చేస్తున్నా, నిన్న సాయంత్రం ఆరింటికి రెసిన్ పోశా, పొద్దున చూస్తే ఒక్క బుడగ లేదు.

మొదటిది మా పెద్దపిన్నికి చూపించా. మూత మీద బొటనవేలితో ఆ పసుపు ముక్క మీదే నిమురుతూ, ఇది కుడి పక్కదిరా, అమ్మ ఎప్పుడూ కుడి పక్క నుంచే మొదలెట్టేది, అక్కడే మందంగా ఉండేది అంది. అయస్కాంతం తిప్పా, మిగిలిన గడపలో రెండు మొలలు దొరికాయి.