ఇంటిపేరు వల్ల రెండుగా చీలిన ప్రొఫైల్: హెచ్-ఇండెక్స్ ఎంతని రాయాలి?

నాది బయోకెమిస్ట్రీ. ప్రమోషన్ దరఖాస్తులో హెచ్-ఇండెక్స్ అని ఒకే గడి ఉంది, ఎక్కడి నుంచి తీసుకోవాలో రాయలేదు. (హెచ్-ఇండెక్స్ 10 అంటే, కనీసం పదేసి సైటేషన్లు, అంటే ఇతర పరిశోధనల్లో ప్రస్తావనలు, వచ్చిన పేపర్లు పది ఉన్నాయని, పదకొండేసి వచ్చినవి పదకొండు లేవని.) గూగుల్ స్కాలర్‌లో 14 చూపిస్తోంది. అది థీసిస్‌లు, ప్రీప్రింట్లలో (జర్నల్ సమీక్షకు ముందే పెట్టే పేపర్లు) వచ్చిన సైటేషన్లనూ లెక్కేస్తుంది కాబట్టి ఎక్కువ రావడం మామూలే.

చిక్కంతా కమిటీవాళ్లు సాధారణంగా చూసే ఇంకో డేటాబేస్‌తోనే. మన తెలుగు పేర్ల గోల తెలిసిందే కదా! కొన్ని పేపర్లలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, మరికొన్నింటిలో చివర పూర్తిగా పడింది. దాంతో నా పేరిట రెండు ప్రొఫైళ్లు: ఒకదాంట్లో 22 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 9, రెండోదాంట్లో 9 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 4. ఈ రెండూ కూడితే 13 అనుకోకూడదు. 31 పేపర్లనూ ఎక్సెల్‌లో ఎక్కువ సైటేషన్ల నుంచి తక్కువకు వరసలో పెట్టి చూశా. 12వ పేపర్‌కి 11 సైటేషన్లే ఉన్నాయి, కాబట్టి అసలు అంకె 11.

ఆర్కిడ్ ఐడీ (పరిశోధకుడిని పేరుతో కాక నంబరుతో గుర్తించేది) జత చేశాను. ప్రొఫైళ్లు కలపమని రెండుసార్లు అడిగాను, మూడు వారాలైనా కదలిక లేదు. పబ్‌మెడ్ (వైద్య, జీవశాస్త్ర పేపర్ల సూచిక) నంబర్లతో ఐసైట్ అనే సైటేషన్ల సాధనంలోనూ చూశా, కానీ అది ఇచ్చే ఆర్‌సీఆర్ (అదే రంగంలోని పేపర్లతో పోల్చిన సైటేషన్ నిష్పత్తి) వేరే కొలత, ఈ గడికి పనికిరాదు. గడువు ఇంకా ఆరు రోజులే, టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి కమిటీల్లో కూర్చున్నవాళ్లు చెప్పండి: ఎక్సెల్ షీటు జతచేసి 11 అని రాస్తే ఒప్పుకుంటారా, లేక తెరమీద కనిపించే 9 మాత్రమే రాయాలా?