పాత రైలు పెట్టెలను ఊరి నుంచి తరలించడం న్యాయమేనా?

కాలువగట్టు వాసి:
మా స్టేషన్ పక్కనున్న పాత ఆవరణలో నిలిపి ఉంచిన రెండు టేకు పెట్టెలను దూరనగరంలోని ప్రదర్శనశాలకు పంపాలన్న ప్రతిపాదన వచ్చింది. ఊళ్ళో చాలామంది వద్దంటున్నారు. నేనూ సంతకం పెట్టాను. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన పట్టాలను 1940లో యుద్ధావసరాల కోసం ఊడదీసి పట్టుకుపోతే, సుమారు 45 కిలోమీటర్ల ఆ దారి మళ్ళీ రైలు ముఖం చూడడానికి 2004 దాకా పట్టింది. అప్పుడు చెప్పిందీ సబబైన కారణమే. అందుకే సబబైన కారణాలంటే నాకు కొంచెం భయం.

విశ్రాంత మెకానిక్:
వాసి గారూ, ఈ పోలిక పొసగదు. పట్టాలు పోతే ప్రయాణాలు ఆగాయి. ఈ పెట్టెలు ఎవరినీ ఎక్కడికీ చేర్చడం లేదు. నేను పెట్టెల మరమ్మతులోనే ఉద్యోగం చేసినవాణ్ణి కనుక మొన్న వెళ్ళి చూసి వచ్చాను. కిటికీ చట్రం కింది మూలను బొటనవేలితో నొక్కితే చెక్క నానిన అటుకుల్లా లోపలికి దిగిపోయింది. టేకు వానకు అంత తొందరగా లొంగదు గాని, కప్పు చిరిగి నీరు పలకల సందుల్లో నిలిస్తే ఇనుప మరలు తుప్పుపట్టి, వాటి చుట్టూ ఉన్న చెక్క కూడా పాడవుతుంది. పైగా మనది ఉప్పుగాలి, తుఫానుల నేల. చెన్నైలోని పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో 1955లో ఉక్కు పెట్టెల తయారీ మొదలయ్యాక చెక్కవాటి కాలం చెల్లింది. మిగిలిన కొన్నింటినైనా నీడ ఉన్న చోటికి చేర్చకుండా ‘మావి’ అంటూ వానలో ఉంచడం ఏం ప్రేమండీ? చక్రాలు పెట్టిందే కదలడానికి కదా.

కొవ్వూరు పంతులు:
గోదావరి మీద ఉన్న పాత రైలు వంతెన, మన హేవ్‌లాక్ వంతెన సంగతి చూడండి. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగాక అదీ ఏళ్ళ తరబడి తుప్పుపట్టింది. అయినా ఉన్నచోటనే ఉంది కాబట్టే 2025లో అఖండ గోదావరి పర్యాటక పథకం కింద దాని పునరుద్ధరణకు శంకుస్థాపన జరిగింది. తుక్కుగా అమ్మేసి ఉంటే పునరుద్ధరించడానికి ఏం మిగిలేది?

విశ్రాంత మెకానిక్:
వంతెన ఇనుముది పంతులు గారూ, అది ఆగగలదు. నానిన చెక్క ఆగదు.

కాలువగట్టు వాసి:
మెకానిక్ గారి మాటలో ఒకటి కాదనలేను: సంతకాల కాగితంలో ‘తరలించవద్దు’ అని రాశామే గాని కప్పు ఊసు ఎత్తలేదు. అది మా తప్పు. అయితే చక్రాలున్నా ఈ పెట్టెలు పట్టాల మీద పోయేవి కావు. క్రేనుతో ఎత్తి లారీకి ఎక్కించాలి. మీరు నొక్కి చూసిన ఆ మూల ఆ కుదుపుకు తట్టుకుంటుందా? ఎక్కడికి పంపినా ముందు ఇక్కడ బాగుచేయక తప్పదు. అలాంటప్పుడు తాళ్ళరేవు, కోరంగి వైపు పడవలు కట్టే వడ్రంగులను పిలిపిద్దాం. నీటికి చెక్క ఎక్కడ లొంగుతుందో వారికంటే తెలిసినవారు అరుదు. కాగితం తిరగరాస్తున్నాను: మొదటి కోరిక రేకుల కప్పు, రెండోది వడ్రంగి పని, తరలింపు వద్దన్నది మూడోది.

విశ్రాంత మెకానిక్:
ఆ వరుస అలాగే ఉంచితే నేనూ సంతకం పెడతాను. కప్పు మాత్రం వానాకాలం లోపల పడాలి.